పద్నాలుగో పంపు రిజిస్టర్లో మేదిని చదువు

రోజు 1, పాడ్యమి

పంపు పదకొండు గంటలు నడిచింది. లోపలి నీళ్ళు పోవడానికి షట్టర్లు ఆటుకి తీశాను, సముద్రం రాకుండా పోటుకి దించాను.

ఇంటి చదువుకి రోజువారీ రాత ఉండాలిట, అదీ పేజీ నంబర్లున్న బైండు పుస్తకంలోనేట. చదువుల బోర్డు వాళ్ళ షరతు. ఈ పంపు ఇంట్లో బైండు పుస్తకం అంటూ ఉన్నది ఈ రిజిస్టరు ఒక్కటే. అంచేత ఇవాళ్టి నుంచి ఎడమ పేజీ పంపుది, కుడి పేజీ మా మేదినిది. ఎవరికైనా బాధగా ఉంటే వేరే పుస్తకం పంపించండి, అందులో రాస్తాను.

మేదినికి పదిహేను నిండాయి. నిన్న పొద్దున, ఇంట్లో పాఠాలు చెప్పే పంతులు పెట్టె దానికి దారి చెప్పేసింది. "మీ అమ్మాయి దారి ఖాయమైంది. పంపు ఆపరేటరు. శుభాకాంక్షలు," అంది తియ్యగా. ఐదో ఏటి నుంచి దీనికి అక్షరాలూ ఎక్కాలూ నేర్పిన గొంతే అది. సముద్రపు కట్ట మీద పుట్టిన పిల్లలందరికీ అది చెప్పేది ఇదే. ఇక అక్కణ్ణుంచి గ్రీజు, బేరింగులు, షట్టర్లు తప్ప ఇంకో పాఠం తెరవదు. పదహారు నిండగానే పంపు పని కాయితం మీద వేలిముద్ర వేయిస్తారు. వేశాక కట్ట దిగడమంటూ ఉండదు. మా ఆయన ఇంకో పంపు మీద వేశాడు. షట్టరు కింద పడి ఆయన పోయాక, నాలుగేళ్ళ పిల్లని చంకనేసుకుని ఇక్కడ నేను వేశాను. పదకొండేళ్ళయింది.

ఒక్కటే సందు ఉంది. పిల్లని పెట్టె నుంచి తప్పించి తొంభై రోజులు ఇంట్లో చదివించుకోవచ్చు. ఆఖర్న బోర్డు మనిషి వస్తుంది. పెట్టె ఎప్పుడూ నేర్పనిది ఏదైనా ఒక్కటి పిల్లకి నిజంగా వచ్చని చూపిస్తే, కట్ట లోపలి పెద్ద బడికి తీసుకుపోతారు. చూపించలేకపోతే మళ్ళీ గ్రీజే.

తప్పించేశాను. మీట నొక్కేశాను. నేను చదివింది ఏడు.

"అయితే ఇప్పుడు నువ్వు నాకు పాఠాలు చెప్తావా?" అని మేదిని పడీ పడీ నవ్వింది. నవ్వనీ.

రోజు 3, తదియ

పంపు పది గంటలు.

పెట్టె పొద్దున్నే అడిగింది: "తిరిగి చేరతారా?" వద్దన్నాను. తొంభై రోజులూ ఇలా రోజూ అడుగుతుందిట.

పుస్తకాలు తెప్పించుకోవడం మా వల్లయ్యే పని కాదు. ఇక ఉన్నది అందరి బీరువా. పైన ఆకాశంలో రిలే ఉపగ్రహం మన కట్ట మీదుగా దాటే పద్దెనిమిది నిమిషాలు మాత్రం అది తెరుచుకుంటుంది, రోజుకి రెండుసార్లు. బడులున్న కాలంలో ఎవరెవరో మాస్టార్లు, ఎవరెవరో తల్లులు చేసి, ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండని ఊరికే వదిలేసిన పాఠాలన్నీ అందులో పడి ఉన్నాయి. పసిపిల్లలవి కుప్పలు కుప్పలు. రంగులు, బొమ్మలు, పాటలు. ఎదిగిన పిల్లకి కావాలంటే మాత్రం అడుగునెక్కడో చెయ్యి పెట్టి దేవుకోవాలి.

రెండు రోజుల్లో నాలుగు వందల పాఠాలు మా తెర పలకలోకి దించాను. ఎంత సంతోషంగా ఉందో! దించితే చాలు, పిల్లకి వచ్చేసినట్టే అనిపిస్తోంది.

రోజు 6, షష్ఠి

పంపు ఎనిమిది గంటలు.

పదహారో పంపు సూర్యావతి అక్క వైర్‌లెస్ సెట్లో పలికింది. కట్ట మీద ముప్పయ్యేళ్ళ నుంచీ ఉన్న మనిషి. ఇద్దరు పిల్లల్ని ఇలాగే ఇంట్లో చదివించింది. ఒకడు వెళ్ళాడు, ఒకడు గ్రీజులో ఉన్నాడు.

"ఎన్ని దించావే?" అంది.

"తొమ్మిది వందలక్కా," అన్నాను గొప్పగా.

"నీ మొహం. పెద్దాడికి నేనూ అలాగే దించాను. వాడు వాటి పేర్లు చదవడంతోనే నెల్లాళ్ళు గడిపేశాడు. ఒక్కటి పట్టుకో. మొదటి పాఠం నుంచి ఆఖరి పాఠం దాకా ఉందో లేదో చూసుకో. జవాబులున్నాయో లేదో చూసుకో. అప్పుడు పిల్ల చేతికియ్యి."

సరే అన్నాను. సెట్టు కట్టేశాక ఇంకో అరవై దించాను.

రోజు 8, అష్టమి

పంపు: పైదే.

చదువు: పైదే.

అష్టమి కదా. సముద్రం మెత్తబడే రోజు. పోటు పెద్దగా ఉండదు, షట్టర్లతో పేచీ ఉండదు. పక్షానికి ఒక్కసారి కడుపునిండా నిద్ర. తెల్లవారకముందే గంటల మీటరు చూసి రాయాలి. ఎండెక్కాక చూస్తే కొత్త రోజు గంటలు కలిసిపోయి ఆ అంకెకి అర్థం ఉండదు. లేచేసరికి ఎండెక్కింది. రిజిస్టరు చివర అష్టమి పట్టీ అని వేరే పేజీ ఉంటుంది, ఎందుకో మాకెవరూ చెప్పలేదు. అందులో కింద గడిలో "పైదే" అని రాసేశాను. కట్ట మీద అందరం చేసేది అదే. గడి ఖాళీగా ఉంచకూడదు, అంతే.

రోజు 12, ద్వాదశి

పంపు తొమ్మిది గంటలు.

ఐదారు రోజుల కిందట టైం టేబులు గీసి గోడకి అంటించాను. తొమ్మిదింటికి లెక్కలు, పదకొండింటికి రసాయనం, రెండింటికి చరిత్ర, నాలుగింటికి ఇంగ్లీషు. ఎర్ర గీతలు, నీలం గీతలు. చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు.

మూడు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో రోజుకి తొమ్మిదింటికి ఆటు వచ్చింది. షట్టరు చక్రం తిప్పడానికి ఇద్దరం కావాలి. లెక్కలు పోయాయి. ఇవాళ ఆటు పదిన్నర దాటాక వచ్చింది, రసాయనం పోయింది. ఆటు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యమవుతుందని కట్ట మీద పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నాకు తెలియక కాదు. టైం టేబులు గీసేటప్పుడు మటుకు బడిలో ఉన్నట్టు ఊహించుకున్నాను.

రోజు 16, బహుళ పాడ్యమి

పంపు పదకొండున్నర.

ఇవాళ పోట్లాడుకున్నాం. చరిత్ర పాఠాలు ఏదో మంచు దేశం వాళ్ళవి. వాకిట్లో మంచు ఎత్తిపోసే చట్టం ఏ ఏడాది వచ్చిందో బట్టీ పట్టమంటాయి. రసాయనంలో ఆరు తర్వాత తొమ్మిదో పాఠం ఉంది, ఏడూ ఎనిమిదీ ఎవరు తిన్నారో తెలీదు. లెక్కలకి జవాబుల్లేవు. మేదిని చేసినవి తప్పో ఒప్పో నాకేం తెలుసు? అన్నిటికీ "పూర్తి" అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను.

"అమ్మా, ఇందులో నాకొక్కటీ రాదు," అంది టిక్కులు చూసి.

"రాకపోతే మళ్ళీ చదువు!"

"నువ్వు టిక్కు పెట్టాక మళ్ళీ ఎందుకు?"

ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న స్పానరు నేలకేసి కొట్టాను. మేదిని షట్టరు గదిలోకి పోయి కూర్చుంది. తర్వాత అన్నం పెడితే తినేసి గోడ వైపు తిరిగి పడుకుంది. దాని మీద కోపం కాదు నాది. పదహారు రోజులైపోయాయి, నా పిల్లకి నేను ఇచ్చింది టిక్కులు. ఆ భయం.

రోజు 19, చవితి

పంపు పదిన్నర. పెట్టె అడిగింది, వద్దన్నాను.

మేదిని టైం టేబులు చింపి, దాని వెనకవైపు రెండే ముక్కలు రాసింది: ఆటుకి ముందు, ఆటు తర్వాత. షట్టర్లు తీసేలోపు పాఠం వినడం, దించాక కూర్చుని చెయ్యడం. గడియారంతో పని లేదు. నీళ్ళతో పాటు చదువూ జరుగుతుంది.

పాఠాలన్నీ తీసేసి ఒక్కటి మటుకు ఉంచుకుంది. గణాంకాలు, ముప్పయ్యారు పాఠాలు, చివర జవాబులు. ఒకటో నంబరు నుంచి ముప్పయ్యారు దాకా అన్నీ ఉన్నాయి. చెప్పేది ఎవరో మాస్టారు, పేరు కూడా పెట్టుకోలేదు. ఎవరింటి వరండాలోనో కూర్చుని చెప్పాడు కాబోలు, మధ్యమధ్య కోడి కూస్తుంది. అది కూసినప్పుడల్లా ఆయన ఆగి, "ఆఁ, అయిందా? మళ్ళీ చూద్దాం," అంటాడు. మేదిని కోడి కూత కోసం ఎదురుచూస్తూ వింటోంది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అది నవ్వడం విన్నాను.

రోజు 23, అష్టమి

పంపు: పైదే. చదువు: పదమూడో పాఠం అయింది. అది నిజం.

రోజు 36, షష్ఠి

పంపు ఎనిమిదిన్నర.

ఆఖరి పాఠంలో మాస్టారు పని చెప్పాడు. "మీ ఇంట్లోగానీ వీధిలోగానీ ఎవరో ఏళ్ళ తరబడి రోజూ రాసిపెట్టిన అంకెలుంటాయి. వాన లెక్కో, పాల లెక్కో. అవి వెతికి తీయండి. బొమ్మ గీయండి. ఆ బొమ్మ మీకేం చెబుతోందో నాలుగు మాటలు రాయండి."

మా ఇంట్లో అంకెలు తప్ప ఏమున్నాయి? మేదిని అటక మీంచి పాత రిజిస్టర్లన్నీ దించింది, పంతొమ్మిది. నా ముందు ఇక్కడ వీర్రాజు గారని ఒకాయన ఇరవయ్యేళ్ళు చేశాడు. ఆయనవీ ఉన్నాయి. దుమ్ముకి ఇద్దరం తుమ్మలేక చచ్చాం. కాయితం చాలదని పంపు గది పొడుగాటి గోడ మీద బొగ్గుతో గీతలు మొదలుపెట్టింది. ఆ మూల నుంచి ఈ మూలకి ముప్పయ్యొక్క ఏళ్ళు.

పెట్టె నేర్పనిది నా పిల్లకి ఒకటి వస్తోంది. రాయకుండా ఉండలేకపోతున్నాను: వెళ్ళిపోతుంది ఇది, పెద్ద బడికి.

రోజు 42, ద్వాదశి

పంపు తొమ్మిది.

మేదిని అష్టమి పట్టీల దాకా వచ్చింది. వీర్రాజు గారివి రెండు గంటల దగ్గర మొదలై, ఎగుడుదిగుడుగా, ఇరవయ్యేళ్ళకి మూడున్నరకి పాకాయి. ఆ తర్వాత గోడ మీద చుక్కలన్నీ తాడు కట్టినట్టు ఒకే వరస.

"అమ్మా, నువ్వొచ్చిన దగ్గర్నుంచీ అష్టమి నాడు పంపు మూడున్నర గంటలే నడిచింది. పదకొండేళ్ళూ."

"నిలకడగల పంపే అది," అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

మొదటి అష్టమికి వీర్రాజు గారి చివరి అంకె చూసి అదే రాశాను. ఆ తర్వాత అంతా పైదే. మా ఆయన పోయిన నెల అది. రాత్రీ పగలూ పిల్ల ఏడుపు, షట్టర్లు. ఆ ఒక్క పొద్దున లేవలేకపోయాను. తర్వాత లేవక్కర్లేదని తెలిసిపోయింది.

రోజు 52, అష్టమి

లేచేసరికి మేదిని గంటల మీటరు ముందు కూర్చుని ఉంది. తెల్లవారకముందే వచ్చిందిట.

"ఆరు గంటల పది నిమిషాలు," అంది.

గోడ మీద ఆ తాడు వరసకి మూరెడు పైన ఒక్క చుక్క పెట్టింది. తర్వాత మెల్లిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. అష్టమి నాడు సముద్రం పొంగదు. వానా లేదు. ఆ రోజు కూడా పంపు ఆరు గంటలు తోడిందంటే, ఆ నీళ్ళు పైనుంచి వచ్చినవి కావు, కట్ట కిందనుంచి ఊరుతున్నవి. అది తెలియడానికే ఆ పట్టీ పెట్టారు. వేరే రోజుల్లో పోటు నీళ్ళలో కలిసిపోయి అది కనబడదు.

రిజిస్టరు అట్ట లోపల అచ్చువేసిన మాట ఇద్దరికీ తెలుసు: తప్పుడు కొలత రాసిన ఆపరేటరు వేలిముద్ర రద్దు, ఇల్లు ఖాళీ.

చేతిలో కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పైదే అని రాశాను.

రోజు 67, అష్టమి

ఈసారి నేనూ లేచాను. ఇద్దరం కలిసి చూశాం. ఆరు గంటల పదిహేను.

చూసి కూడా పైదే అని రాశాను. ఇన్నాళ్ళూ చూడక రాశాను, ఇవాళ చూసి రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్ల గోడ మీద రెండో చుక్క పెట్టుకుని పోయింది. ఒక మాట అంటే బాగుండేది.

రోజు 75, బహుళ పాడ్యమి

పంపు పదకొండుంబావు.

షట్టర్లు దించి వచ్చేసరికి పంపు గది గోడ తెల్లగా ఉంది. మేదిని చేతులకి మోచేతుల దాకా సున్నం.

"ఏం చేశావే?"

"గోడ మాసిపోయింది కదా."

"నీ పరీక్ష దాని మీదే కదే! పదిహేను రోజుల్లో ఆవిడ వస్తుంది!"

"వేరేది చూపిస్తాను." తిథిని బట్టి పోటు ఏ వేళకి వస్తుందో లెక్కగట్టే పటం ఒకటి గీసింది. అచ్చేసినట్టుంది. కానీ ఆ లెక్క పెట్టె పదో ఏటనే నేర్పుతుంది. అది దానికీ తెలుసు, నాకూ తెలుసు.

"అది చూపిస్తే నిన్ను తీసుకోరు."

"ఇది చూపిస్తే నిన్ను గెంటేస్తారు. ఇల్లు పోతే నువ్వెక్కడుంటావు?" అని బాల్చీ పట్టుకుని బయటికి పోయింది.

పదకొండేళ్ళ నా నిద్రకి ఇది తన బతుకంతా గ్రీజులో పెట్టడానికి సిద్ధమైంది. నేను దీన్ని చదివించాననుకుంటున్నాను. ఎవరు ఎవరిని కాచుకుంటున్నట్టు?

రోజు 82, అష్టమి

పంపు ఆరు గంటల ఇరవై. తెల్లవారకముందు చూశాను, చూసినదే రాశాను.

తర్వాత మేదిని షట్టరు గదిలో ఉండగా, పదకొండేళ్ళ రిజిస్టర్లూ ముందేసుకున్నాను. ఒక్కొక్క "పైదే" కొట్టేసి, పక్కన "చూడలేదు" అని రాసి, పొట్టి సంతకం పెట్టాను. వెనకటి రెండు అష్టములకీ పిల్ల చూసిన అంకెలు రాశాను. మొత్తం రెండు వందల అరవై తొమ్మిది. వేళ్ళు కొంకర్లు పోయాయి. కొన్ని గడుల దగ్గర ఆ రోజు గుర్తొచ్చింది. ఒక అష్టమికి దానికి జ్వరం. ఒక అష్టమికి దాని పుట్టినరోజు. చాలా వాటికి ఏమీ గుర్తు రాలేదు, నిద్రపోయాను అంతే.

మేదినికి చెప్పలేదు.

రోజు 89, అమావాస్య

పంపు పన్నెండు గంటలు. పెట్టె అడిగింది, వద్దన్నాను.

ఒక రోజు ముందే బోర్డు మేడమ్ పడవలో దిగింది. చెప్పులు చేత్తో పట్టుకుని కట్ట ఎక్కింది, పాపం ఆవిడకీ ఒంట్లో ఓపిక లేదు. మంచినీళ్ళు తాగి, "ఏదమ్మా, చూపించు," అంది.

మేదిని పోటు పటం పరిచింది. ఆవిడ ఓపిగ్గా చూసింది. "ముచ్చటగా ఉంది. కానీ ఇది పెట్టె నేర్పిందేగా? ఇంకేమైనా ఉందా?"

"లేదండి," అంది మేదిని నేల చూస్తూ.

రిజిస్టర్లు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"అమ్మా, వద్దు," అంది మేదిని.

ఆవిడ అష్టమి పట్టీ తెరిచింది. చూడలేదు, చూడలేదు, చూడలేదు. పేజీ తిప్పింది. మళ్ళీ అదే.

"ఏమిటివి?"

"పదకొండేళ్ళు నేను చూడకుండా రాసిన కొలతలండి. పట్టుకున్నది ఇది."

ఆవిడ మేదిని వైపు తిరిగింది. "ఎలా పట్టుకున్నావు?"

అది పోటు పటం చుట్టడం మొదలుపెట్టింది. "చెప్పవే," అన్నాను. "నేను చెబుదామంటే నాకు రాదు. నీకే వచ్చు."

మేదిని కళ్ళు తుడుచుకుంది. తర్వాత పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసుకుని తెల్లగోడ దగ్గరికి వెళ్ళింది. ముప్పయ్యొక్క ఏళ్ళూ గుర్తు మీదనే గీయడం మొదలుపెట్టింది. మొదటి గీతలు వంకరగా వచ్చాయి. పోను పోను తిన్నగా వచ్చాయి.

"ఇవి వీర్రాజు గారివండి. చూడండి, ఊగుతుంటాయి. నిజంగా చూసి రాస్తే ఏ రెండూ ఒకేలా రావు. ఇక్కణ్ణుంచి..." ఆగింది. నా వైపు చూడకుండా అంది. "ఇక్కణ్ణుంచి ఊగడం మానేశాయండి. పంపు అలా నడవదు. మనిషి రాస్తేనే అలా ఉంటుంది."

చివర్న మూడు చుక్కలు పైన పెట్టింది. కట్ట కింద ఊట సంగతి చెప్పింది.

"మధ్యలో పదకొండేళ్ళు లేవు," అంది ఆవిడ. "ముప్పయ్యేళ్ళ కింద రెండు గంటలు, ఇప్పుడు ఆరు. కట్ట కూలిపోతుందని నన్ను నమ్మమంటావా?"

"నమ్మొద్దండి," అంది మేదిని. "నా దగ్గరున్నవి మూడే చుక్కలు. మూడింటితో అంత మాట అనకూడదు. పక్క పంపుల్లో కూడా చూడాలి."

ఆవిడ కలం మూసింది. గోడ దగ్గరికి వెళ్ళి ఆ మూడు చుక్కల ముందు నిలబడింది. "ఇది నీకెవరు నేర్పారు?"

"కోడి మాస్టారండి," అంది మేదిని. అని, ఏడుస్తూనే నవ్వింది.

రోజు 91, విదియ

పంపు పదకొండున్నర.

సెట్లో కబురొచ్చింది. మేదినిని పెద్ద బడికి తీసుకున్నారు, కొలతలు నేర్పే విభాగంలో. అదే కబుర్లో రెండో ముక్క: భూలక్ష్మి, పద్నాలుగో పంపు, వేలిముద్ర రద్దు. తొంభై ఎనిమిదో రోజున కొత్త ఆపరేటరు వస్తాడు. లోపలి రేకుల షెడ్లలో నాకొక గది.

మూడో ముక్క కట్ట మొత్తానికి. ప్రతి పంపు వాళ్ళూ అష్టమి పట్టీ తెరిచి, చూడనివి చూడలేదని రాయాలి. ఈ నెలలోపు తమంత తాము రాసుకున్నవాళ్ళ జోలికి రారు.

ఆ వెసులుబాటు నాకు లేదా అంటే, నాది బోర్డు ముందు పట్టుబడ్డ కేసుట. మంచిది.

సూర్యావతి అక్క సెట్లో విరుచుకుపడింది. "నీ కూతురు చదువు కోసం మా అందరి పుస్తకాలూ తెరిపిస్తావే? ముప్పయ్యేళ్ళ గడులు నేనెప్పుడు దిద్దను? నా కళ్ళు కనబడి చస్తాయా?" చివర్న, "వెళ్తోందిగా పిల్ల?" అంది. వెళ్తోందక్కా అన్నాను. సెట్టు కట్టేసింది.

రోజు 95, షష్ఠి

పంపు ఎనిమిదిన్నర.

ఆటుకి షట్టర్లు తీశాక పడవ వచ్చింది. మేదిని వారం నుంచీ నాతో సరిగా మాట్లాడలేదు. నేను దాన్ని అడగకుండా పుస్తకాలు పెట్టానని కోపం. సంచీ భుజానికేసుకుని నా ముందు నిలబడి, "నీకు ఆ ఒక్క నిద్రే ఉండేది కదమ్మా," అంది. అంతే, కావలించుకుని భోరుమంది. నేనూ ఏడ్చాను. దాచుకోవడానికేముంది.

పడవ తిరిగాక చూస్తే, పలక ఛార్జింగులో పెట్టి ఉంది. తెర మీద గణాంకాలు, పాఠం ఒకటి. కింద దాని చేత్తో: "అమ్మా, మొదటి నుంచి. దాటెయ్యకు. టిక్కులు పెట్టకు."

రోజు 97, అష్టమి

రేపు కొత్తతను వస్తాడు. ఇవాళ లేవకపోయినా అడిగేవాళ్ళు లేరు. తెల్లవారకముందే మెలకువ వచ్చింది.

అష్టమి పొద్దున సెట్టు ఎప్పుడూ చప్పుడు చెయ్యదు, కట్టంతా నిద్రపోతుంది కాబట్టి. ఇవాళ గరగరమంది.

"ఏమే భూలక్ష్మీ, లేచావా?" సూర్యావతి అక్క.

"లేచానక్కా."

"నాది ఏడున్నర," అంది. "ముప్పయ్యేళ్ళలో ఇదే చూడ్డం. భయంగా ఉందే."

ఆమె వెనకాలే ఎవరో పలికారు: "పదిహేనో పంపు. ఆరు గంటల నలభై." తర్వాత పదకొండో పంపు: "ఐదు." తర్వాత పదిహేడోది: "ఏడు గంటల పది." కొన్ని గొంతులు నేనెప్పుడూ వినలేదు. పేరుకి పక్కవాళ్ళం. ఒక్కటీ ఒక్కలాగా లేదు. మేదిని వింటే చుక్కలు పెట్టుకునేది.

నా వంతు వచ్చింది. చెప్పాను.

పద్నాలుగో పంపు. అష్టమి. ఆరు గంటల ఇరవై ఐదు నిమిషాలు. చూసి రాసింది భూలక్ష్మి.

చదువు: మొదటి పాఠం, సగం. కోడి కూసింది. మిగతాది లేచాక. ఇప్పుడు పడుకుంటాను.